మా తమ్ముడి డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: ఆ రాత్రి నుంచి ఆర్టీఏ నోటీసు దాకా

డ్రంక్ అండ్ డ్రైవ్ కేసంటే మన ఇళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. "ఏముంది, కోర్టుకెళ్లి ఫైన్ కట్టేస్తే అయిపోతుంది" అనేది ఒకటి. "అయ్యో, పిల్లాడి భవిష్యత్తు పోయింది" అనేది ఇంకొకటి. మా తమ్ముడి కేసులో మొదటి రాత్రి నుంచి చివరి కాగితం దాకా పక్కనే ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఈ రెండూ నిజం కావు. ఇది చలానా కట్టి మరిచిపోయే వ్యవహారం కాదు, క్రిమినల్ కేసు. అలాగని దిక్కులేని కేసూ కాదు. పట్టుబడిన మనిషికి చట్టం కొన్ని హక్కులిచ్చింది. చిక్కేమిటంటే, వాటిలో చాలావరకు మొదటి రెండు మూడు గంటల్లోనే అక్కరకొస్తాయి. ఆ సమయానికి పట్టుబడినవాడు తాగి ఉంటాడు, ఇంట్లోవాళ్లు కంగారులో ఉంటారు. అందుకే ఇదంతా రాసిపెట్టాలనిపించింది.

హైదరాబాద్‌లో శనివారం రాత్రి తనిఖీలు మామూలే. ఆ రాత్రి పదకొండు దాటాక ఎస్సై గారే ఫోన్ చేశారు. "మీ తమ్ముడు బండి నడిపే స్థితిలో లేడమ్మా. లైసెన్సు ఉన్నవాళ్లెవరైనా వచ్చి బండి తీసుకెళ్లండి" అన్నారు. ఆయన మంచితనంతో చేసిన ఫోన్ అనుకున్నాను కానీ అది ఆయన చేయాల్సిన పనేనని తర్వాత లాయర్ గారు చెబితే తెలిసింది. తాగి నడిపాడన్న కారణంతో పోలీసులు బండిని జప్తు చేయడం కుదరదని 2021లో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి అప్పగించాలి. లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు పెట్టాలి. ఎవరూ రాకపోతే దగ్గర్లోని స్టేషన్లో భద్రంగా ఉంచి, ఆ తర్వాత ఆర్‌సీ, లైసెన్సు, గుర్తింపు కార్డు చూపించినవాళ్లకి ఇవ్వాలి. తాగినవాడి చేతికి మాత్రం తాళం ఇవ్వకూడదు. ఈ తీర్పు సంగతి తెలియక, బండి కోసం వారాల తరబడి స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్లని తర్వాత చూశాను.

మేం వెళ్లేసరికి అక్కడ అసలు గొడవ వేరే ఉంది. మావాడు బ్రెత్ ఎనలైజర్‌లో, అంటే ఊపిరిని బట్టి ఎంత తాగారో చూపించే మిషన్‌లో, ఊదనని మొండికేసి కూర్చున్నాడు. ఎవరో స్నేహితుడు ఫోన్లో "ఊదకు రా, ఊదితేనే కేసు, ఊదకపోతే వాళ్ల దగ్గర రుజువేమీ ఉండదు" అని నూరిపోశాడట. ఈ సలహా ఎక్కడ పుట్టిందో గానీ, ఇంతకంటే చెడ్డ సలహా ఇంకోటి లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 203 చూస్తే యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, తాగి ఉన్నాడని సహేతుకమైన అనుమానం కలిగితే, డ్రైవర్‌ను అక్కడికక్కడే ఊదమని అడగొచ్చు. ఊదనంటే, తాగాడని అనుమానించడానికి కారణం ఉన్నప్పుడు, వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. పైగా సెక్షన్ 205 ఉంది. సరైన కారణం లేకుండా ఊదడానికో రక్తం ఇవ్వడానికో నిరాకరిస్తే, ఆ నిరాకరణనే కోర్టు అతనికి వ్యతిరేకంగా, ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చు. అంటే ఊదకపోతే కేసు పోదు, ఇంకాస్త బిగుసుకుంటుంది. "నామీద నేనే సాక్ష్యం చెప్పుకోవాలా?" అని అడిగేవాళ్లుంటారు. నోటితో ఒప్పుకోమని బలవంతం చేయకూడదన్నది రాజ్యాంగం ఇచ్చిన హక్కే, అది ఆ రాత్రి కూడా ఉంటుంది. కానీ వేలిముద్రల వంటి వాటిని తీసుకోవడం బలవంతపు సాక్ష్యం కిందికి రాదని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. ఊపిరి నమూనా కూడా ఆ కోవలోదేనని మా లాయర్ గారు చెప్పారు.

"అక్కా, నేను బానే ఉన్నా, నిలబడగలుగుతున్నా చూడు" అంటున్నాడు వాడు. నిలబడ్డమూ తూలడమూ చట్టానికి పట్టదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం, అంతే. ఎన్ని పెగ్గులకు ఆ గీత దాటుతుందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. మనిషి బరువు, తిన్న తిండి, ఎంతసేపట్లో తాగాడు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఒక్కటి మాత్రం డాక్టర్లంతా చెప్పే మాట: శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గిస్తుంది. కాఫీ తాగినా చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. అర్ధరాత్రి 120 ఉన్న మనిషి 30కి దిగాలంటే తెల్లారి ఆరవుతుంది. రాత్రి తాగి పడుకుని పొద్దున్నే బండి తీసేవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు.

చివరికి మా ఆయన నచ్చజెప్పాక ఊదడానికి ఒప్పుకున్నాడు. ఆ పరీక్ష ఎలా జరిగిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కేసు మొత్తం నిలబడేది దాని మీదే. అరచేతిలో పట్టే మిషను. దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం కొత్తది, మా కళ్ల ముందే కవరు చించి పెట్టారు. పాత గొట్టం పెడితే మార్చమని అడగడంలో తప్పేమీ లేదు, ఇంకొకరు ఊదిన గొట్టంతో ఊదాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఊదడం మొదలుపెట్టాక మిషను సన్నగా కూస్తూనే ఉంటుంది, అది ఆగేదాకా ఊదాలి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి. మావాడికి 84 వచ్చింది. ఆ అంకె చూడగానే వాడి మొహం పాలిపోయింది.

అప్పుడు వాడే అన్నాడు, బయల్దేరే ముందు వాసన రాకుండా మౌత్‌వాష్ పుక్కిలించానని. కొన్ని మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది. నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది, కానీ పదిహేను నిమిషాలు ఆగితే అది పోతుంది. నేను ఎస్సై గారిని అడిగాను, "సార్, కాసేపు ఆగి ఇంకోసారి చూస్తారా?" అని. చట్టం కూడా ఒకటో అంతకంటే ఎక్కువో నమూనాలు అనే అంటుంది. ఆయన విసుక్కోలేదు. ఆగి మళ్లీ ఊదిస్తే 81. అంటే మౌత్‌వాష్ కాదు, మందే. నాకు ఆ రెండో పరీక్ష వల్ల పెద్ద మేలే జరిగింది. తర్వాత ఎన్నిసార్లు "మిషను తప్పేమో" అన్న ఆశ పుట్టినా ఆ రెండు అంకెలు గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని.

మిషను నుంచి చిన్న చీటీ వస్తుంది. దాని మీద తేదీ, సమయం, మిషను నంబరు, రీడింగ్, పేరు, బండి నంబరు ఉన్నాయి. సంతకం పెట్టమన్నప్పుడు ఆ రాత్రి ఎవరూ చదవరు. నేను ఫోన్ లైటు వేసుకుని చదివాను. బండి నంబరులో ఒక అంకె తేడా కనిపిస్తే చెప్పాను, సరిచేశారు. దానివల్ల కేసు ఏమీ మారదు కానీ, సంతకం పెట్టే కాగితం చదవడానికి టైమ్ అడగడం మన హక్కని ఆ రాత్రి నాకు బాగా తెలిసొచ్చింది. చీటీని ఫోన్లో ఫొటో కూడా తీసుకున్నాను. అలాంటి చీటీల మీద అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది.

పోలీసులు ఇలాంటి కేసుల్లో అందరినీ అరెస్టు చేయరు. మావాడిని చేయలేదు, నోటీసిచ్చి మాతో పంపించారు. అరెస్టు చేసి ఉంటే మాత్రం తెలియాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. సెక్షన్ 202లో ఒక ముఖ్యమైన మాట ఉంది: తాగి నడిపాడని అరెస్టు చేస్తే, రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టరు చేత వైద్య పరీక్ష చేయించాలి. చేయించకపోతే విడిచిపెట్టాలి. ఈ ఒక్క వాక్యం తెలిసినవాళ్లని నేను లాయర్లలో తప్ప బయట చూడలేదు. అరెస్టయిన సమయం ఎంతో అడిగి రాసుకోవాలనేది అందుకే. స్టేషన్లో మళ్లీ ఊదే అవకాశం కూడా ఇవ్వాలని 203 చెబుతుంది. రక్తం తీయాల్సి వచ్చి, పట్టుబడింది ఆడమనిషై, తీసే డాక్టరు మగవాడైతే, పక్కన ఇంకో ఆడమనిషి ఉండి తీరాలి. అమ్మాయిలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇక అరెస్టయిన ఎవరికైనా ఉండే హక్కులు ఉండనే ఉన్నాయి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇవి రాజ్యాంగంలోని 22వ అధికరణం ఇచ్చినవి. ఇంట్లోవాళ్లకి కబురు చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇది బెయిలబుల్ నేరం. అంటే బెయిలు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అడిగితే ఇవ్వాల్సిందే. ష్యూరిటీలు తెచ్చుకునే స్తోమత లేని పేదవాడిని సొంత పూచీకత్తు మీద వదలాలని కూడా చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి, క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ హక్కులు అలాగే ఉన్నాయి.

బయటికి వస్తుంటే ఒకతను పక్కకు పిలిచాడు. పోలీసు కాదు, ఆ చుట్టుపక్కల తిరిగే దళారి. "మేడమ్, ఇక్కడే ఐదు వేలతో అయిపోయేదానికి కోర్టు దాకా ఎందుకు? నేను మాట్లాడతా" అన్నాడు. మా ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. ఆ క్షణం చాలా ఇళ్లలో వస్తుంది. హెల్మెట్ లేకపోవడం లాంటివి అక్కడికక్కడ డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాలు. అలాంటివేవో సెక్షన్ 200లో వరుసగా రాసి ఉన్నాయి. తాగి నడపడం, అంటే సెక్షన్ 185, ఆ జాబితాలో లేదు. కోర్టు తప్ప ఇంకెవరూ దీనికి ఫైన్ తీసుకోలేరు. కాబట్టి రోడ్డు మీద ఎవరైనా డబ్బు అడిగితే అది ఫైన్ కాదు, లంచం. ఇచ్చినవాడి మీద ఇంకో నేరం పడుతుంది, అసలు కేసు అప్పటికే మిషన్‌లో నమోదై ఉంటుంది.

లైసెన్సు మాత్రం తీసుకున్నారు, దానికి రసీదు ఇచ్చారు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. మామూలు కేసుల్లో లైసెన్సు తీసుకుని ఇచ్చే రసీదు చూపించి బండి నడపొచ్చు. తాగి నడిపిన కేసులో 2019 సవరణ తర్వాత ఆ వెసులుబాటు లేదు. లైసెన్సు తిరిగి చేతికి వచ్చేదాకా ఆ రసీదుతో నడపకూడదని సెక్షన్ 206లో స్పష్టంగా ఉంది. మావాడు మర్నాడు పొద్దున్నే రసీదు జేబులో పెట్టుకుని ఆఫీసుకి బండి మీద బయల్దేరబోతే నేనే ఆపాను.

బండి మా నాన్న పేరు మీద ఉంది. ఆయనకి ఆ రాత్రి నిద్ర లేదు. "నా మీద కూడా కేసు పెడతారా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. సెక్షన్ 188 ప్రకారం తాగి నడపడానికి తోడ్పడినవాడికీ అదే శిక్ష పడుతుంది. కానీ అది తాగి ఉన్నాడని తెలిసీ తాళం చేతిలో పెట్టినవాడి సంగతి. మా నాన్న సాయంత్రం ఇచ్చిన బండి అది, కొడుకు తాగుతాడని ఆయనకి తెలిసే వీలే లేదు. లాయర్ గారు ఈ మాట చెప్పాకే ఆయన కాస్త స్థిమితపడ్డారు. పార్టీల్లో "నువ్వు నడుపు రా, ఏం కాదు" అని తాళం విసిరే స్నేహితులకి మాత్రం ఈ సెక్షన్ తెలియాలి.

కోర్టుకి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది. హైదరాబాద్‌లో గోషామహల్, బేగంపేటల్లో ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి, మమ్మల్ని గోషామహల్ పంపారు. ఇంట్లోవాళ్లని వెంట తీసుకుని రమ్మంటారు. అది మొక్కుబడి అనుకుని వెళ్లాను, కాదు. యాక్సిడెంట్ల వీడియోలు వేస్తారు. నా ముందు వరుసలో ఒకావిడ చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పక్కన భర్త. వీడియోలో బస్టాపులోకి కారు దూసుకొచ్చేసరికి ఆవిడ పిల్ల కళ్లు మూసింది. భర్త తల ఎత్తలేదు. కుటుంబాన్ని ఎందుకు రమ్మంటారో అక్కడ అర్థమైంది.

ఒప్పుకోవాలా, పోరాడాలా అన్నది లాయర్ దగ్గర తేల్చుకోవాల్సిన విషయం. దీని మీద మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మా బాబాయి "ఒట్టి మిషన్ చీటీతో శిక్ష వేయలేరు, సుప్రీంకోర్టు తీర్పుంది" అన్నారు. ఆయన చెప్పింది 1971 నాటి తీర్పు. నోటి వాసన, తూలడం, కనుపాపలు పెద్దవవడం లాంటి లక్షణాలు చూసి మాత్రమే తాగాడని తేల్చలేమని అందులో ఉంది. రక్తం, మూత్రం పరీక్షల ఊసు వచ్చేది అక్కడే. 2025లో తెలంగాణ హైకోర్టు కూడా బ్రెత్ ఎనలైజర్ ఫలితం ఒక్కటే పట్టుకుని ఆర్టీసీ డ్రైవర్‌ను ఉద్యోగం నుంచి తీసేయడం చెల్లదంది. లాయర్ గారు రెండూ విని, ఓపిగ్గా విడదీసి చెప్పారు. "ఆర్టీసీ కేసు ఉద్యోగానికి సంబంధించింది. 1971 నాటికి ఈ చట్టమే లేదు. ఇప్పుడు 185లోనే బ్రెత్ ఎనలైజర్ అని రాసి ఉంది, ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లుతుందని 203లో ఉంది. మిషన్‌కి కాలిబ్రేషన్, అంటే కొలత సరిచూడడం, సరిగ్గా లేదనో, చీటీలో సమయాలు పొంతన లేవనో, ఒకరి రీడింగ్ ఇంకొకరికి రాశారనో ఉంటే నేను పోరాడతాను. మీ తమ్ముడి కేసులో రెండుసార్లు ఊదించారు, రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. మరి దేని మీద పోరాడమంటారు?" అన్నారు. ఫీజు కోసం కేసుని సాగదీసే అవకాశం ఉండి కూడా ఆ మాట చెప్పిన మనిషి ఆయన.

అలాగని ఒప్పుకోవడం అంటే తేలిక కాదు. ఒప్పుకున్నాక పడేది శిక్షే, దాని పేరు కన్విక్షనే. ఒప్పుకున్న మీదట నేరం చేశానా లేదా అన్నదాని మీద అప్పీలు ఉండదు, శిక్ష ఎక్కువైందనో చట్టవిరుద్ధమనో మాత్రమే పైకోర్టుకి వెళ్లొచ్చు. మావాడికి విదేశాల్లో ఉద్యోగం చేయాలని ఉంది, వాడి భయమంతా దాని గురించే. పాస్‌పోర్టు చట్టం ప్రకారం అడ్డొచ్చేది ముఖ్యంగా కోర్టులో పెండింగులో ఉన్న క్రిమినల్ కేసు. అది నడుస్తున్నంతకాలం కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. కేసు ముగిసి ఫైన్‌తో పోతే ఆ చిక్కు తీరిపోతుంది. కానీ వీసా ఫారాల్లో అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా అని అడిగే దేశాలున్నాయి. అక్కడ దాచిపెడితే అసలు కేసు కంటే దాచిన అబద్ధమే పెద్ద తప్పవుతుంది. ఉద్యోగాల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లోనూ అంతే. ఇవన్నీ విని, ఒప్పుకుంటానని వాడే చెప్పాడు. ఆ నిర్ణయం వాడిదే కావాలని మేమెవరం బలవంతపెట్టలేదు.

కోర్టు రోజు ఉదయం పదిన్నరకల్లా అక్కడున్నాం. హాలు నిండా మావాడిలాంటివాళ్లే. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఆటో డ్రైవర్లు, తెల్లజుట్టు పెద్దమనుషులు. ఒక్కొక్కరి పేరు పిలుస్తుంటే టెన్షన్ పెరిగిపోతుంది. సెక్షన్ 185లో మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. 2019 సెప్టెంబరు 1కి ముందు మొదటిసారి జరిమానా 2,000 దాకానే ఉండేది. "ఫైన్‌తో పోతుంది" అనేవాళ్లు "లేదా రెండూ" అన్న మాట చదవరు. మా ముందు పిలిచిన ఒకతనికి రీడింగ్ రెండొందలు దాటింది, లైసెన్సు కూడా లేదు. జడ్జి గారు ఫైన్‌తో పాటు కొన్ని రోజుల జైలు వేశారు. భుజానికి బ్యాగు తగిలించుకుని నేరుగా ఆఫీసుకి వెళ్దామని వచ్చిన మనిషి అతను. కానిస్టేబుల్ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా అతనికి ఆ మాట ఎక్కలేదు.

మా పక్కన ఒక డెలివరీ కుర్రాడు కూర్చున్నాడు. కంపెనీ టీషర్టు, ఒళ్లో హెల్మెట్. లాయరు లేడు. "అక్కా, జైలేస్తారా? నాకు బండి లేకపోతే పనే లేదు" అని అడుగుతున్నాడు. లాయరుని పెట్టుకునే డబ్బు లేదని ఎవరూ ఒంటరిగా నిలబడక్కర్లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం కింద మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా లాయరుని ఇస్తుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. మా లాయర్ గారు ఆ కుర్రాణ్ని లీగల్ ఎయిడ్ దగ్గరికి పంపించారు. అతని తరఫున ఒక మేడమ్ వచ్చి నిలబడ్డారు. అతనికి ఫైన్ పడింది, జైలు పడలేదు. ఆవిడ అతని సంపాదన ఎంతో, ఇంట్లో ఎవరెవరున్నారో జడ్జి గారికి చెప్పిన తీరు చూశాక, ఒక్క నిమిషం మాట్లాడే మనిషి పక్కనుంటే ఎంత తేడా ఉంటుందో తెలిసింది.

మావాడి పేరు పిలిచారు. జడ్జి గారు ఆరోపణ ఏమిటో తెలుగులో చెప్పి, "నేరం ఒప్పుకుంటున్నావా? ఎవరైనా బలవంతం చేశారా?" అని అడిగారు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చు, లాయరుతో మాట్లాడుకోవడానికి వాయిదా అడగొచ్చు. ఎవరో ముందు నుంచి చెప్పారని గబగబా తల ఊపేయకూడదు. మావాడు ఒప్పుకున్నాడు. పదివేలు జరిమానా, ఆరు నెలలు లైసెన్సుకి అనర్హత. కౌంటర్లో డబ్బు కట్టి రసీదు తీసుకున్నాం, తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాం. చాలామంది రసీదుతో ఇంటికి వెళ్లిపోతారు. ఆ కాపీ తర్వాత పాస్‌పోర్టు దగ్గర, ఉద్యోగం దగ్గర అడుగుతారు, అప్పుడు పాత ఫైలు వెతికించడం చాలా కష్టం.

ఆరు నెలల సంగతి ఎవరూ ముందు చెప్పని విషయం. సెక్షన్ 185 కింద శిక్ష పడితే కోర్టు కనీసం ఆరు నెలలు లైసెన్సుకి అనర్హుడిగా ప్రకటించాలని సెక్షన్ 20లో ఉంది. ఇది కాక ఆర్టీఏ దారి వేరే నడుస్తుంది. పోలీసులు పంపిన లైసెన్సు మీద ఆర్టీఏ నుంచి మాకు షోకాజ్ నోటీసు వచ్చింది. కోర్టులో ఫైన్ కట్టేశాం కదా, ఇదెందుకు అని పారేసేవాళ్లున్నారు. పారేయకూడదు. లైసెన్సు సస్పెండ్ చేసే ముందు మన మాట వినాలని సెక్షన్ 19 చెబుతుంది, ఆ నోటీసు మన మాట చెప్పుకునే అవకాశమే. వెళ్లి కోర్టు ఉత్తర్వు చూపించాం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాతపూర్వకంగా తీసుకున్నాం. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు.

అనర్హత ఉన్న కాలంలో బండి నడిపితే అది మళ్లీ వేరే నేరం. సెక్షన్ 182 కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. అప్పుడు గనక ఏదైనా యాక్సిడెంటైతే ఇన్సూరెన్సు కంపెనీ సులువుగా చేతులు దులుపుకుంటుంది. తాగి నడిపినప్పుడు సొంత బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ ఇవ్వక్కర్లేదని, దానికి బ్రెత్ టెస్ట్ రిపోర్టే ఉండాలని కూడా లేదని 2021లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది.

ఇంకా దాటకూడని గీత ఒకటుంది. ఆ రాత్రి మావాడి బండి ఎవరికీ తగల్లేదు కాబట్టే ఇదంతా 185 దగ్గర ఆగింది. తగిలి ఎవరైనా చనిపోయి ఉంటే, నిర్లక్ష్యం కింద, నేరాలకి శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 106, అంటే ఐదేళ్ల వరకు జైలు. తాగి నడిపితే మనుషులు చస్తారని తెలిసే నడిపాడని కోర్టు నమ్మితే 105, అది హత్య కాని నరహత్య. 2006లో ముంబై కార్టర్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద పడుకున్న ఏడుగురు కూలీలు కారు కింద పడి చనిపోయారు. ఆ కేసులో తాగి నడిపినతనికి హత్య కాని నరహత్య కింద పడ్డ శిక్షని సుప్రీంకోర్టు 2012లో ఖాయం చేసింది. ఆ కూలీల కుటుంబాలకి ఏ హక్కులూ మనుషుల్ని తిరిగి తెచ్చివ్వలేదు. హక్కుల గురించి ఇంత రాస్తున్నది తప్పించుకునే దారి చూపించడానికి కాదు, చేసిన తప్పుకి చట్టం చెప్పిన శిక్ష పడాలి, అంతకు మించి ఒక్క రూపాయి, ఒక్క గంట కూడా పడకూడదని.

మావాడు ఇప్పుడు మెట్రోలో ఆఫీసుకి వెళ్తున్నాడు. గడువు తీరగానే లైసెన్సు దానంతటదే చేతికి రాదు. 2019 సవరణ ప్రకారం గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తిచేసి, ఆ సర్టిఫికెట్ ఆర్టీఏలో చూపించాలి. ఆ కోర్సు సంగతి చివరి వారంలో కాకుండా ఇప్పుడే కనుక్కుని పెట్టుకోమని చెప్పాను. బ్రెత్ టెస్ట్ చీటీ, లైసెన్సు రసీదు, ఫైన్ రసీదు, తీర్పు కాపీ, ఆర్టీఏ ఉత్తర్వు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి వాడికే ఇచ్చాను, ఒక సెట్టు జిరాక్స్ నా దగ్గర ఉంచుకున్నాను.